కూలి రేటు ఎక్కడ ఖరారవుతుంది?
(సర్ ఆర్థర్ లూయిస్ స్మారక ఉపన్యాసం, బతా, రియాద్)



ఈ ఏడు జనవరి 23 శుక్రవారం నాడు వచ్చింది. బతాలో మనవాళ్లు ఒక చోట కూర్చోవాలంటే శుక్రవారం కన్నా వేరే రోజు దొరకదు. క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు ముందు డబ్బులు పంపే కౌంటర్ల దగ్గర వరసలో నిలబడి, కావలసిన సామాను కొనుక్కొని, ఊరివాళ్లను పలకరించి, అప్పుడు ఈ హాలుకు వచ్చారు. ఇప్పటికే కాళ్లు నొప్పి పుట్టి ఉంటాయని తెలుసు. అయినా కూర్చున్నారు, సంతోషం.

1915లో ఇదే తేదీన కరీబియన్ సముద్రంలో సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో, కాస్ట్రీస్ పట్టణంలో విలియం ఆర్థర్ లూయిస్ పుట్టారు. లండన్‌లో చదివి, మాంచెస్టర్‌లో ప్రొఫెసరై, జమైకాలో విశ్వవిద్యాలయాన్ని నడిపి, ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పి, 1979లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. శాంతి బహుమతిని మినహాయిస్తే నోబెల్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. అలాంటి మనిషిని జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి వచ్చిన మనం ఇక్కడ ఎందుకు తలుచుకోవాలి?

నా జవాబు సూటిగా చెబుతాను. మీ జీతం రియాద్‌లో ఖరారు కాదని ఆధారాలతో చూపించిన మనిషి ఆయన. మీరు వదిలి వచ్చిన చెలక మీకు ఏడాదికి ఎంత ఇచ్చేది, మీ ఇంటి ఆడవాళ్లు చుట్టే బీడీలకు ఎంత ముడుతుంది, మీ ఊరి బడి మిమ్మల్ని ఏ తరగతి దాకా నిలబెట్టింది అన్నవే ఇక్కడి మీ జీతాన్ని నిర్ణయిస్తాయి. ఈ సంగతి కనిపెట్టిన మనిషే, పేరు ప్రఖ్యాతులు వచ్చిన నడి వయసులో, ప్రపంచం మెచ్చుకుంటున్న పరిశోధనను పక్కన పెట్టి ఒక విశ్వవిద్యాలయం కట్టడానికి వెళ్లారు. ఆ సిద్ధాంతానికీ ఈ విశ్వవిద్యాలయానికీ ఉన్న లంకె గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఆయన తల్లిదండ్రులు ఇద్దరూ బడిపంతుళ్లు. సొంత ఊరు ఆంటిగ్వా దీవి, అక్కడి నుంచి సెయింట్ లూసియాకు వలస వచ్చారు. అంటే లూయిస్ కూడా వలస కుటుంబం బిడ్డే. ఏడేళ్ల వయసులో జబ్బు చేసి మూడు నెలలు బడికి పోలేకపోతే తండ్రి రోజూ ఇంట్లోనే పాఠాలు చెప్పారు. కోలుకొని బడికి వెళ్లినప్పుడు నాలుగో తరగతి పిల్లవాణ్ణి ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. ఆ తండ్రి కొద్ది కాలానికే పోయారు. అయిదుగురు మగపిల్లలు. పెద్దవాడికి పదిహేడేళ్లు, చిన్నవాడికి అయిదు. తల్లి ఐడా ఒక్కతే అందరినీ ఒడ్డుకు చేర్చింది. తాను చూసినవాళ్లలో ఆమె అంతటి కష్టజీవి మరొకరు లేరని నోబెల్ వచ్చిన ఏడాది లూయిస్ రాసుకున్నారు. ఇంటి మగమనిషి లేకుండా సంసారం ఈదిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారు కనుక ఐడా లూయిస్ ఎలాంటిదో మీకు నేను వర్ణించనక్కర్లేదు.

రెండు తరగతులు ముందుకు జరగడంతో పద్నాలుగేళ్లకే బడి చదువు అయిపోయింది. స్కాలర్‌షిప్ పరీక్షకు వయసు చాలలేదు. అందుకని ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి టైపు కొట్టడం, ఫైళ్లు సర్దడం నేర్చుకున్నారు. 1932లో పరీక్ష రాసి స్కాలర్‌షిప్ గెలిచారు. ఆయన కోరిక ఇంజనీరు కావాలని. కానీ ఆ దీవుల్లో ఇంజనీర్లకు ఉద్యోగాలిచ్చేది రెండే చోట్ల, వలస ప్రభుత్వంలో, తెల్లవాళ్ల చెరకు తోటల్లో. నల్ల ఇంజనీరును రెండు చోట్లా తీసుకోరు. ఇక మిగిలింది వ్యాపార శాస్త్రం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బీకాంకు దరఖాస్తు పెట్టినప్పుడు ఎకనామిక్స్ అంటే ఏమిటో కూడా తెలియదని ఆయనే చెప్పుకున్నారు. ఒంటి రంగు చూసి ఒక తలుపు మూశారు, ఆయన పక్క తలుపులోంచి లోపలికి నడిచారు.

లండన్‌లో 1937లో ఫస్టు క్లాసులో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడు అదే విద్యాసంస్థలో అసిస్టెంట్ లెక్చరర్ అయ్యారు. నల్లజాతి మనిషి అక్కడ పాఠం చెప్పడం అదే మొదలు. ఎంపిక కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నా, మామూలుగా పాలకమండలి దాకా పోనక్కర్లేని ఆ చిన్న ఉద్యోగం విషయం డైరెక్టర్ ప్రత్యేకంగా వాళ్లకు రాసి మరీ అడగవలసి వచ్చింది. నల్లవాణ్ణి వేస్తే విమర్శలు వస్తాయేమోనన్న జంకు అది. 1940లో డాక్టరేట్ వచ్చింది. 1948లో, ముప్పయి మూడేళ్ల వయసులో, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పూర్తి స్థాయి ప్రొఫెసర్ అయ్యారు. బ్రిటన్‌లో ఆ స్థానానికి చేరిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

ఆ మధ్య ఏళ్లలో రాసిన ఒక చిన్న పుస్తకాన్ని నేను దాటిపోలేను. 1930లలో కరీబియన్ దీవుల్లో చెరకు తోటల కూలీలు, రేవు కూలీలు, ట్రినిడాడ్ చమురు బావుల పనివాళ్లు వరసగా సమ్మెలకు దిగారు, తుపాకీ కాల్పులకు బలయ్యారు. 1939లో లూయిస్ ఆ పోరాటాల కథను 'లేబర్ ఇన్ ది వెస్టిండీస్' పేరుతో రాశారు. రెండు వందల ఏళ్ల పాటు బానిసల చేత కూలి ఇవ్వకుండా చేయించుకున్న పనికి బ్రిటన్ బాకీ పడి ఉందని అందులో గుర్తు చేశారు. ఆయన లెక్కల మనిషి, కానీ ఆ లెక్క కూలివాడి వైపు నుంచి మొదలైంది. మాంచెస్టర్‌లో ప్రొఫెసర్ అయ్యాక కూడా ఊళ్లోని హల్మ్, మాస్ సైడ్ పేటల్లో ఉండే ఆఫ్రికా, కరీబియన్ కార్మికుల కోసం సాయంత్రం తరగతులు, ఒక కూడలి కేంద్రం ఏర్పాటు కావడానికి పూనుకున్నారు. పొద్దంతా ఫ్యాక్టరీలో నిలబడిన మనిషికి రాత్రి చదువుకునే చోటు కావాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇక అసలు విషయం. 1952 ఆగస్టులో బ్యాంకాక్‌లో ఒక రోడ్డు మీద నడుస్తూ ఉండగా ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఏళ్ల తరబడి రెండు ప్రశ్నలు వేధిస్తున్నాయి. మొదటిది, పారిశ్రామిక విప్లవం మొదలైన తొలి అర్ధ శతాబ్దంలో బ్రిటన్‌లో లాభాలు పెరుగుతున్నా కూలీల నిజ వేతనం ఎందుకు కదలలేదు? రెండోది, కాఫీ ధర అంత చవక, ఉక్కు ధర అంత ప్రియం, ఎందుకు? ఆ రోజుల అర్థశాస్త్రం కూలీల సంఖ్య ఇంత అని గీత గీసుకొని లెక్కలు మొదలుపెట్టేది. ఆ గీత చెరిపేస్తే? కూలీలు ఎంతమంది కావాలంటే అంతమంది దొరుకుతారు అనుకుంటే? రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు వచ్చింది. 1954 మేలో 'ది మాంచెస్టర్ స్కూల్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం పేరు 'ఎకనామిక్ డెవలప్‌మెంట్ విత్ అన్‌లిమిటెడ్ సప్లైస్ ఆఫ్ లేబర్'. ఇప్పటికీ వెనకబడిన దేశాల గురించి చదివే ప్రతి విద్యార్థీ అక్కడి నుంచే మొదలుపెడతాడు.

దాన్ని మన ఊళ్లో పెట్టి చూద్దాం. కోరుట్ల దగ్గర రెండెకరాల చెలక ఉన్న ఇల్లు అనుకోండి. తల్లి, తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు. వాన పడితే మక్కలో పసుపో పండుతుంది. ఆ రెండెకరాల పనికి అయిదుగురు అక్కర్లేదు. చిన్నకొడుకు ఊరు విడిచిపోయినా మిగిలినవాళ్లు కాస్త ఎక్కువ కష్టపడితే పంట అంతే వస్తుంది. కానీ ఇంట్లో ఉన్నంత కాలం చిన్నకొడుక్కూ అన్నంలో వాటా ఉంటుంది. ఎవడూ వాణ్ణి లెక్క కట్టి తినమనడు. అతణ్ణి పనికి పిలిచే యజమాని ఎంత ఇవ్వాలి? ఆ వాటా కన్నా కొంచెం ఎక్కువ. ఊరు విడిచే దిగులుకూ కొత్తచోటి ఖర్చుకూ సరిపోయేంత. ఆ తేడా సుమారు ముప్పయి శాతం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ అని లూయిస్ అంచనా. యజమాని లాభం పదింతలైనా ఆ రేటు కదలదు. ఎందుకంటే చిన్నకొడుకు వెనక పెద్దకొడుకు ఉన్నాడు, ఆ ఇంటి వెనక ఊరు ఉంది, ఊరి వెనక మండలం ఉంది.

ఆయన ఆ వ్యాసంలో మిగులు మనుషులు ఎక్కడెక్కడ దాగి ఉంటారో ఏరి చూపించారు. పొలంలోనే కాదు, రేవులో పెట్టెలు మోయడానికి ఎదురుచూసేవాళ్లలో, చిన్న చిల్లర బేరగాళ్లలో, పెద్దిళ్ల పనివాళ్లలో, ఇంట్లోనే ఉండిపోయిన భార్యల్లో, కూతుళ్లలో. పైన చెప్పిన కోరుట్ల ఇంటి కోడలు ఏం చేస్తుందో మీకు తెలుసు. ఒళ్లో చాట, పక్కన తునికాకు కట్ట, కత్తెర. ఆకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తుంది. ఆకు బాగాలేదన్నా తంబాకు తగ్గిందన్నా ఆ నష్టం ఆమె మీదే పడుతుంది. మగవాడు గల్ఫ్ నుంచి పంపే మొదటి రెండేళ్ల డబ్బు ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకూ, నూటికి రెండు మూడు రూపాయల మిత్తికీ పోతుంటే ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆ బీడీలే. నా మాట ఏమిటంటే, ఆ ఇల్లు బీడీల మీద గడుస్తుంది కనుకనే ఇక్కడి యజమాని ఆ మగవాడికి అంత తక్కువ ఇచ్చి సరిపెట్టగలుగుతున్నాడు. ఆమె చేతిపనిలో కొంత భాగం ఈ నగరపు గోడల్లోకి వచ్చి చేరింది. ఏ జీతం చీటీలోనూ అది కనబడదు.

అదే వ్యాసంలో రెండో భాగం ఉంది. పాఠ్యపుస్తకాలు దాన్ని తరచుగా వదిలేస్తాయి. ఒక దేశంలో మిగులు కూలీలు అయిపోయి జీతాలు పెరగడం మొదలయ్యాక యజమానులు ఏం చేస్తారు? రెండు దారులని లూయిస్ రాశారు. పెట్టుబడిని మిగులు కూలీలున్న దేశానికి తరలించడం, లేకపోతే అక్కడి కూలీలను తమ దేశానికి రప్పించడం. పెద్ద ఎత్తున కూలీలను రానిస్తే అన్ని దేశాల జీతాలూ అందరికన్నా పేద దేశపు బతుకుతెరువు మట్టం దగ్గరే ఆగిపోతాయని, అందుకే సంపన్న దేశాల కార్మిక సంఘాలు దాన్ని ఒప్పుకోవని కూడా చెప్పారు. 1973లో చమురు ధర ఒక్కసారిగా ఎగసిన తర్వాత గల్ఫ్ దేశాల్లో జరిగింది ఆ రెండో దారే. ఇక్కడ కట్టవలసినవి రోడ్లు, రేవులు, నగరాలు. చేతులు తక్కువ. ఆ చేతులు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కేరళ నుంచి, సిల్హెట్ నుంచి, పెషావర్ నుంచి, నేపాల్ కొండల నుంచి వచ్చాయి.

సౌదీలో జీతం రెండు అంతస్తులుగా ఉండడానికి కారణం అదే. సౌదీ పౌరుణ్ణి, కంపెనీల్లో సౌదీల వాటాను లెక్కగట్టే నితాఖాత్ లెక్కలో పూర్తి ఉద్యోగిగా చూపించాలంటే కంపెనీ 4000 రియాళ్లు ఇవ్వాలి. పరదేశి కార్మికుడికి అలాంటి కనీస వేతనం చట్టంలో లేదు. అంతకన్నా ముఖ్యమైనది మీరు రోజూ చూస్తున్నదే. ఒకే సైటులో, ఒకే టైల్సు పని చేసే ముగ్గురు ఉంటారు, ముగ్గురి చేతివాటమూ ఒకటే, ముగ్గురి జీతాలూ వేరు. ఒకడు ఫిలిప్పీన్స్, ఒకడు మనవాడు, ఒకడు బంగ్లాదేశ్. తేడా పనిలో లేదు, పాస్‌పోర్టులో ఉంది. ఆ పాస్‌పోర్టు వెనక ఉన్న ఊళ్లో ఆ మనిషికి పని లేకపోతే ఎంత దొరుకుతుందో దాన్ని బట్టి ముగ్గురికీ మూడు రేట్లు.

1978లో అచ్చయిన 'ది ఎవల్యూషన్ ఆఫ్ ది ఇంటర్నేషనల్ ఎకనామిక్ ఆర్డర్' అనే ఉపన్యాసాల పుస్తకంలో లూయిస్ ఈ కథను వందేళ్లు వెనక్కి తీసుకెళ్లారు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట రెండు వలసలు జరిగాయి. దాదాపు అయిదు కోట్ల మంది యూరప్ వాళ్లు అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చల్లని దేశాలకు వెళ్లారు. ఇంచుమించు అంతమంది భారతీయులు, చైనీయులు ఉష్ణమండలపు తోటలకూ గనులకూ వెళ్లారు. 1880లలో తోట కూలీకి రోజుకు ఒక షిల్లింగ్. అదే కాలంలో ఆస్ట్రేలియాలో నైపుణ్యం అక్కర్లేని కట్టుబడి కూలీకి రోజుకు తొమ్మిది షిల్లింగులు. ఒకటికి తొమ్మిది. యూరప్ రైతు ఊరు విడవాలంటే అతని పొలం ఇచ్చేదానికన్నా ఎక్కువ చూపించాలి. 1900 నాటికి బ్రిటన్‌లో ఎకరాకు 1600 పౌన్ల గోధుమ పండేది. ఉష్ణమండలంలో ఎకరాకు 700 పౌన్ల గింజలు. ఆ పొలాల తేడాయే కూలి తేడా అయింది, కూలి తేడాయే సరుకు ధర అయింది. తేయాకు చల్లని దేశపు పంట అయి ఉంటే దాని ధర నాలుగింతలు ఉండేదని ఆయన లెక్క కట్టారు.

ఆ షిల్లింగ్ కూలీల్లో మనవాళ్లు ఉన్నారు. గోదావరి ముఖాన కోరంగి రేవు నుంచి బర్మాకు వెళ్లినవాళ్లను అక్కడ కొరంగీలనే పిలిచారు. 1860లో మద్రాసు నుంచి నాటాల్‌కు బయలుదేరిన మొదటి ఓడలో, ఆ తర్వాత మారిషస్, ఫిజీ ఓడల్లో తెలుగువాళ్లు వెళ్లారు. లూయిస్ పుట్టిన సెయింట్ లూసియాకు కూడా 1859 నుంచి ఒప్పంద కూలీలుగా భారతీయులను తెచ్చారు. బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లు తోటల్లో తక్కువ కూలికి పని చేయం అన్నప్పుడు వాళ్ల రేటు పెరగకుండా తెచ్చిన చేతులు అవి. నల్లవాళ్ల కూలిని మనవాళ్ల పేదరికంతో అణిచిపెట్టారు. ఇందులో తప్పు నల్లవాళ్లదీ కాదు, మన తాతలదీ కాదు. ఇవాళ సైటు మీద మన రేటు విరగ్గొట్టాడని బంగ్లాదేశ్ కుర్రవాడి మీద ఎవరైనా కోపగించుకుంటే, ఆ ఒప్పంద కూలీలను తలుచుకోమని అడుగుతున్నాను.

లూయిస్ చెప్పినదాన్ని ఎవరూ ఎదిరించలేదని కాదు. ఆయనతో కలిసి నోబెల్ పంచుకున్న థియోడర్ షుల్జే గట్టిగా ఎదిరించారు. ఊళ్లో నిజంగా మిగులు మనుషులు ఉంటే, కొంతమంది తగ్గినా పంట తగ్గకూడదు కదా అన్నది షుల్జ్ వాదం. అందుకు ఆయన తెచ్చిన సాక్ష్యం మన దేశానిదే. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజాలో కోటి మందికి పైగా పోయారు, మరుసటి ఏడు విత్తిన భూమి తగ్గింది. కాబట్టి ఏ చేతులూ వృథాగా లేవన్నారు. చెప్పకుండా ముంచుకొచ్చిన చావునూ, ఇంటిల్లిపాదీ కూర్చొని ఎవరిని పంపాలో ఆలోచించుకొని చేసే వలసనూ ఒక లెక్కలో వేయడం నాకు సబబుగా తోచదు. లూయిస్ అంతదూరం పోలేదు. మిగులు సున్నా కాకపోయినా ఫరవాలేదు, పాత రేటుకే అడిగినంతమంది వస్తున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న అన్నారు. శుక్రవారం సాయంత్రం బతా వీధిలో నిలబడి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మరి రేటు పెరగాలంటే ఏం చేయాలి? పరదేశంలో బతిమాలుకుంటే పెరగదు, వదిలి వచ్చిన ఇంటి మట్టం పెరగాలి. చెలకకు నీళ్లు రావాలి, చేతికి చదువు రావాలి. ఆఫ్రికాలో వలస ప్రభుత్వాలు ఊళ్ల భూములు లాక్కొని, పన్నులు వేసి, వెట్టి చేయించి, జనాన్ని తోటలకూ గనులకూ తరిమాయని, తోటల యజమానులకు ఊరు పేదగా ఉండడమే లాభమని 1954లోనే లూయిస్ రాశారు. మన మెట్ట ప్రాంతాల సంగతి చూడండి. పోచంపాడు ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. కాలువ కింద ఊళ్లు పచ్చబడ్డాయి. కాలువ ఎక్కని మెట్ట ఊళ్లలో బోర్లు వేసి, ఎండిపోతే మళ్లీ వేసి, అప్పులై, దుబాయ్ దారి పట్టారు. ఏ ఊరి నుంచి ఎంతమంది వచ్చారో ఈ హాలులోనే అడిగి చూస్తే కాలువ ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

చదువు గురించి లూయిస్ మాట మాత్రమే చెప్పి ఊరుకోలేదు. 1948లో జమైకాలోని మోనా అనే చోట వెస్టిండీస్ యూనివర్సిటీ కాలేజీ మొదలైంది. ఒకప్పుడు చెరకు తోట. యుద్ధకాలంలో జిబ్రాల్టర్ కాందిశీకుల కోసం వేసిన చెక్క పాకల్లో 33 మంది వైద్య విద్యార్థులతో ప్రారంభించారు. పట్టా మాత్రం లండన్ విశ్వవిద్యాలయానిది. కొన్నేళ్ల తర్వాత, అప్పటికి ఐక్యరాజ్యసమితిలో పెద్ద పదవిలో ఉన్న లూయిస్ ఆ కాలేజీ పగ్గాలు పట్టడానికి ఒప్పుకొని వచ్చారు. కరీబియన్ గడ్డ మీద పుట్టినవాడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. 1960లో ట్రినిడాడ్‌లోని ఉష్ణమండల వ్యవసాయ కళాశాలను కలుపుకొని సెయింట్ అగస్టీన్ ప్రాంగణం ఏర్పడింది. 1963లో బార్బడోస్‌లోనూ ప్రాంగణం తెరిచారు. 1962 ఏప్రిల్‌లో సొంతంగా పట్టాలిచ్చే హక్కు వచ్చి అది వెస్టిండీస్ విశ్వవిద్యాలయం అయింది, లూయిస్ దానికి మొదటి ఉపకులపతి అయ్యారు.

అది ఎలాంటి కాలమో చూడండి. దీవులన్నీ కలిసి 1958లో ఒక సమాఖ్య కట్టుకున్నాయి. 1961 సెప్టెంబరులో జమైకా ప్రజలు ఓటు వేసి బయటికి పోయారు. పదిలో ఒకటి పోతే మిగిలేది సున్నా అని ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ కూడా తప్పుకున్నారు. 1962 మేలో సమాఖ్య రద్దయింది. ఆగస్టులో జమైకా, ట్రినిడాడ్ ఎవరికి వారు స్వతంత్ర దేశాలయ్యాయి. లూయిస్ దీవి నుంచి దీవికి తిరిగి ముఖ్యమంత్రులతో మాట్లాడి, మిగిలిన ఎనిమిది చిన్న దీవులనైనా కలిపి ఉంచాలని చూశారు. కుదరలేదు. ఆ బాధంతా 'ది ఏగొనీ ఆఫ్ ది ఎయిట్' అనే చిన్న పుస్తకంలో ఉంది. కానీ ఒక్కటి మాత్రం విడిపోలేదు. జెండాలు, పార్లమెంట్లు వేరైనా విశ్వవిద్యాలయం ఉమ్మడిగానే నిలిచింది, ఇవాళ్టికీ ఉమ్మడిదే. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఇదే. నోబెల్ తెచ్చిన వ్యాసం ఆయన కాకపోతే మరొకరు ఎప్పుడో రాసేవారేమో. అన్ని జెండాల కింద ఒక విశ్వవిద్యాలయాన్ని ఆ ఏడాది విడిపోకుండా కాపాడే పని మాత్రం అక్కడ ఉన్నవాళ్లే చేయాలి, ఆయన అక్కడ ఉన్నారు.

ఆయన పాలకుడిగా గట్టిగా నమ్మినది ఇంకొకటి ఉంది. పేద దేశానికి ముందు కావలసింది పెద్ద సంఖ్యలో హైస్కూలు చదువు పూర్తి చేసిన పిల్లలని, దేశాన్ని నడిపే మధ్య శ్రేణి మనుషులు వాళ్లలోంచే వస్తారని రాశారు. మన దేశపు వలస చట్టం కూడా సరిగ్గా ఆ చోటే గీత గీసింది. పదో తరగతి పాసయితే వలస అనుమతి ముద్ర అక్కర్లేదు. పాసవకపోతే కావాలి. పదో తరగతికి ఇటు ఒక రకం పాస్‌పోర్టు, అటు ఒక రకం. ఆ గీతకు ఈ పక్కన ఉండిపోయిన మనిషి రేటు ఎంత ఉంటుందో, కఫీల్‌తో, అంటే తనను రప్పించిన యజమానితో, మాట్లాడేటప్పుడు అతని గొంతు ఎంత వినిపిస్తుందో మీకు తెలుసు.

మిగతా జీవితం తొందరగా చెబుతాను. 1957లో ఘనా స్వతంత్రమైనప్పుడు అక్కడి ప్రధాని ఎన్‌క్రుమాకు ఆర్థిక సలహాదారుగా వెళ్లి, పంచవర్ష ప్రణాళికలో హంగుల ఖర్చుల మీద తగవు పడి రెండేళ్లు తిరగకుండానే వచ్చేశారు. 1963లో సర్ బిరుదు వచ్చింది, ఆ ఏడే ప్రిన్స్‌టన్‌కు వెళ్లి ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పారు. మధ్యలో 1970 నుంచి 1973 దాకా కరీబియన్ అభివృద్ధి బ్యాంకుకు మొదటి అధ్యక్షుడిగా దాన్ని నిలబెట్టారు. మళ్లీ అన్ని దీవులకూ ఉమ్మడి సంస్థే. 1983లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అధ్యక్షుడైన మొదటి నల్లజాతి మనిషి కూడా ఆయనే. 1991 జూన్ 15న బార్బడోస్‌లో కన్నుమూశారు. కాస్ట్రీస్‌లో ఆయన పేరు పెట్టిన కళాశాల ఆవరణలోనే సమాధి చేశారు. తూర్పు కరీబియన్ దేశాల వంద డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. నల్ల ఇంజనీరును పనిలోకి తీసుకోని దీవిలో ఇప్పుడు ప్రతి అంగడిలోనూ ఆయన ముఖం చేతులు మారుతుంటుంది.

ఇక మన పని. 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, భారత ప్రభుత్వం గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాలను తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. కొన్ని దేశాలకు నెలకు 200 డాలర్లకు దించింది, సౌదీకి 324 డాలర్లకు. 30 నుంచి 50 శాతం దాకా కోత. పక్క దేశాల కూలీలు చవకగా దొరుకుతున్నారు కనుక మన ఉద్యోగాలు పోకుండా ఉండాలంటే తగ్గించక తప్పదన్నారు. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల సంఘాలు ఊరుకోలేదు. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2021లో ప్రభుత్వం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. ఇది చిన్న విజయం కాదు. ఫిలిప్పీన్స్ ఇంకా ముందుకు పోయింది. ఇంటిపనికి వెళ్లే తమ ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లకు తగ్గకూడదని పట్టుబట్టింది. ఆ తగాదాలో 2011లో సౌదీ వాళ్ల వీసాలు ఆపేసింది కూడా. 2012లో ఆ 400 డాలర్లకు ఒప్పుకొనే మళ్లీ తలుపు తీశారు. ఊరి మట్టం పెరిగేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కర్లేదని, పంపే దేశం గట్టిగా నిలబడితే రేటుకు కనీస హద్దు పెట్టవచ్చని ఆ ఒప్పందం చూపించింది.

కానీ ఒక్క దేశం నిలబడితే పక్క దేశం తగ్గించి పంపుతుంది. దీవులు ఒక్కొక్కటిగా విడిపోయిన కథే మళ్లీ. 2003 నుంచి కొలంబో ప్రాసెస్ అనే పేరుతో కార్మికులను పంపే ఆసియా దేశాలు ఒకచోట కలుసుకుంటున్నాయి. భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అన్నీ అందులో ఉన్నాయి. మాటలు జరుగుతాయి గానీ ఎవరినీ కట్టి ఉంచే ఉమ్మడి కనీస వేతనం మాత్రం ఇంతవరకు లేదు. ఢిల్లీని, హైదరాబాద్‌ను, అమరావతిని మనం అడగవలసింది అది. సెంట్రింగ్‌కు ఇంత, డ్రైవర్‌కు ఇంత, ఇంటిపనికి ఇంత అని పంపే దేశాలన్నీ ఒకే పట్టిక మీద సంతకం పెట్టాలి. ఆ పట్టిక లేకుండా ఒక్క వీసా మీద కూడా ముద్ర పడకూడదు. ఈ హాలు దాటి రెండు వీధులు నడిస్తే మలయాళీలు, బెంగాలీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు తమ తమ శుక్రవారం సభల్లో కూర్చొని ఉంటారు. ఈ కోరికను తీర్మానంగా తెలుగులో రాసుకొని ఊరుకోకుండా హిందీలోనూ బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ రాసి, వచ్చే శుక్రవారానికి వాళ్లకు అందజేసే బాధ్యత ఎవరు తీసుకుంటారో ఈ సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.